చదివొచ్చి చెడగొట్టాడు

పుస్తకాల గురించి మాట్లాడుకోవాలంటే పుస్తకాలు చదవకూడదు. ఇదేదో నోటికొచ్చి అంటున్న మాట కాదు, 22 ఏళ్ళుగా నెల్లూరులో మా ఇంటి వరండాలో, నెలకో ఆదివారం చొప్పున, నేనూ మా ఒంగోలు వాడూ చేసిన కఠోర పరిశోధన ఫలితం. దీన్ని గుర్తించి ఏ విశ్వవిద్యాలయమైనా మాకో పట్టా ఇస్తామంటే వద్దనం, కాకపోతే సభ మాత్రం భోజనాల వేళకి ముందే అయిపోవాలి.

వాడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాడు. చేతిలో సంచీ, సంచీలో ఒక పుస్తకం, పుస్తకం కింద మైసూర్‌పాక్ పొట్లం. షుగర్ ఉన్నవాడి ఇంటికి స్వీటు తెచ్చాడని మా ఆవిడ కంట పడకూడదు కాబట్టి పుస్తకం అడ్డం పెట్టుకొస్తాడని నా అనుమానం, సాహిత్యానికి ఇంతకంటే సామాజిక ప్రయోజనం ఏముంటుంది చెప్పండి. నేనూ తక్కువ తిన్లేదు. వాడొచ్చే వేళకి టీపాయ్ మీద ఒక లావుపాటి పుస్తకం బోర్లించి పెడతాను. మొదటి పేజీ దగ్గర బోర్లిస్తే దొరికిపోతాం, ఆఖరి పేజీ దగ్గర బోర్లిస్తే కథ చెప్పమంటాడు, అందుకని మూడో వంతు దగ్గర. ఇది అనుభవం మీద వచ్చే విద్య.

చర్చాంశం ఎప్పుడూ ఒకటే. తిక్కన గొప్పా, ఎర్రన గొప్పా?

తిక్కన మావాడు. మనుమసిద్ధి కొలువు, పెన్న ఒడ్డు, విరాటపర్వం మొదలుకొని ఏకంగా 15 పర్వాలు. ఎర్రన వాళ్ళవాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువు, అరణ్యపర్వంలో నన్నయ వదిలేసిన భాగం పూర్తి చేశాడు. "15 ఎక్కడ, అరపర్వం ఎక్కడరా?" అంటాను నేను. "మీవాడు మధ్యలో గుంట చూసి, దూకి అవతలికి పోయాడు. మావాడొచ్చి పూడ్చకపోతే పాండవులు ఇంకా అడవిలోనే తిరుగుతుండేవాళ్ళు" అంటాడు వాడు. ఈ రెండు ముక్కలతో 22 ఏళ్ళు నెట్టుకొచ్చాం. ఇన్నేళ్ళలో ఒక్క పద్యం అవసరం పడలేదు.

అసలు వాడి బాధ భారతం కాదు, గిత్త. ఒంగోలు గిత్తలు సముద్రాలు దాటి బ్రెజిల్ పోతే అక్కడివాళ్ళు ఆ జాతికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లా కింద ఉండేది. "గిత్త మాది, పేరు మీది. కష్టం మాది, కీర్తి మీది. మీ తిక్కన దగ్గర్నుంచీ ఇదే వరస" అని వాడు గిత్తలాగే రంకె వేస్తాడు. నేను పెద్దమనిషి తరహాలో నవ్వి ఊరుకుంటాను, అది వాడికి ఇంకా మంట.

ఒకసారి తీర్పు కోసం మా కందుకూరు మిత్రుణ్ణి పిలిచాం. అతని పరిస్థితి ఏమిటంటే, ఇల్లు కదల్చకుండానే జిల్లాలు తిరిగిన మనిషి. 1970లో నెల్లూరు నుంచి తీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు, ఆ తర్వాతి లెక్కలు అతనే చూసుకుంటాడు. తీర్పు చెప్పేలోపు ఏ జిల్లాలో ఉంటానో నాకే తెలీదన్నా అని టీ తాగి వెళ్ళిపోయాడు. అన్నట్టు 2022 మార్పులో ఎర్రన ఊరని చెప్పుకునే గుడ్లూరు కూడా మాకొచ్చేసింది. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో ప్రబంధ పరమేశ్వరుడు మా జిల్లావాడైపోయాడు! ఫోన్ చేసి శుభవార్త చెప్తే ఒంగోలు వాడు రెండు నెలలు పినాకిని ఎక్కలేదు.

అరువు పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ళో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది కదా. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుంటారు, కోరిక తీరితే మరుసటేడు వచ్చి రొట్టె వదులుతారు. అరువిచ్చిన పుస్తకం తిరిగొచ్చే రొట్టె ఎవరైనా వదులుతారేమోనని నేను మోకాటి లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ వదల్లేదు. దాన్నిబట్టి ఆ కోరిక లోకంలో ఇంతవరకూ ఎవరికీ తీరలేదని తేలుతోంది.

ఇంత సజావుగా సాగుతున్న సాహిత్య జీవితంలో పోయిన నెల ఘోరం జరిగింది. వాడు చదివొచ్చాడు.

అరణ్యపర్వం తీసి, నన్నయ ఆపిన చోటు, ఎర్రన అందుకున్న చోటు చూపించి, పెన్సిల్ గీతలతో సహా, మొదలుపెట్టాడు. నన్నయ చివరగా శరత్కాలపు రాత్రిని వర్ణించి ఆగిపోయాడట, వెన్నెలా నక్షత్రాలూ. ఎర్రన అదే శరత్కాలంలో తెల్లవారడంతో మొదలెట్టాడట. "ఇద్దరి మధ్యా 200 ఏళ్ళకి పైగా ఉందిరా, చదువుతుంటే ఒక్క రాత్రి గడిచినట్టుంది" అన్నాడు, గొంతు కూడా కొంచెం మారింది. నేనేమనాలి? 15 ఎక్కడ, అరపర్వం ఎక్కడ అని అందామనుకున్నాను, నోరు రాలేదు. కారం దోసెలు చల్లారిపోయాయి. గిత్త ప్రస్తావన లేదు. వాడు పద్యం చదవడం, నేను తలూపడం, తలూపినవాణ్ణి చూసి వాడు ఇంకో పద్యం చదవడం. స్నేహితుడి ఇంటికొచ్చి చేసే పనేనా ఇది?

చివరికి మా ఆవిడే కాపాడింది. ముందురోజు రాత్రి చట్టిలో కాచిపెట్టిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు బాగా ఊరి, తెచ్చి మధ్యలో పెట్టింది. "రాత్రిది అన్నా, పొద్దునకి బాగా పట్టుంటది, ఇంకో ముక్క ఏసుకోండి" అంది.

నాకు ఊపిరొచ్చింది. "చూశావా, నన్నయ రాత్రి వండి వదిలేసిన పులుసుని మీ ఎర్రన తెల్లారి కూర్చుని తిన్నాడు, అంతేగా నువ్వు చెప్పేది?" అన్నాను. వాడు కొరమీను ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "రాత్రి తింటే ఇంత రుచి ఉండదు కదరా మరి" అన్నాడు. అంటే ఎర్రనే గొప్పని నా నోటితోనే నా ఇంట్లోనే, నా పులుసుతోనే ఒప్పించాడన్నమాట. పైగా చేపల పులుసులో మామిడికాయ ఎందుకు, పప్పులో వేసుకోక అని మూడో ముక్క వేసుకుంటూ విమర్శ.

పోతూ పోతూ ఆ పుస్తకం నా దగ్గరే వదిలి, వచ్చే నెలకి చదివి ఉంచమన్నాడు. టీపాయ్ మీద మూడో వంతు దగ్గర బోర్లించి పెట్టాను. నిన్న చూస్తే 40 పేజీలు ముందుకి జరిగి ఉంది. నేనైతే ముట్టుకోలేదు. వంటింట్లోంచి మా ఆవిడ ఏదో పద్యం లాంటిది కూనిరాగం తీస్తోంది.