18వ అంతస్తులో తూర్పు ముఖం భూమి

ఈ వారంలో ఆ సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. మొదట బాబాయి పంపారు, తర్వాత ఆఫీసు మిత్రులిద్దరు, నిన్న రాత్రి మళ్ళీ బాబాయే. హైదరాబాద్ శివార్లలో ఐదెకరాల్లో ఎత్తైన టవర్లట. యూడీఎస్ కింద, అంటే స్థలంలో అవిభాజ్య వాటాగా, మొత్తం సొమ్ము ఇప్పుడే కట్టేస్తే ఫ్లాటు సగం ధరకేనట. వాటా మన పేరున రిజిస్టర్ చేస్తారు కాబట్టి భయం లేదట. అమ్మేది భూమి కాబట్టి రెరా, అంటే ఇళ్ళ కొనుగోలుదారులకు రక్షణగా తెచ్చిన స్థిరాస్తి చట్టం, వర్తించదట. అనుమతులు మూడు నెలల్లో వస్తాయట. పన్నెండు ఫ్లాట్లే మిగిలాయట.

సంక్రాంతికి వచ్చిన సందేశంలోనూ పన్నెండే మిగిలాయి. వాస్తు గురించి రాసిన నాలుగు వాక్యాల జోలికి నేను పోను. అనుమతులిచ్చేది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ, అమ్మేవాడు కాదు. ప్లాను మంజూరు కాకముందే ఎన్ని అంతస్తులు లేస్తాయో ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

ఇక రెరా. 2016 నాటి ఆ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఇంత పెద్ద ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. భూమే అమ్ముతున్నారనుకుందాం. మరి ధర గజానికి కాకుండా ఫ్లాటు చదరపు అడుగుకు ఎందుకు చెబుతున్నారు? 18వ అంతస్తులో, తూర్పు ముఖంతో, రెండు బాల్కనీలతో ఉండే భూమిని నేనైతే ఎక్కడా చూడలేదు.

అసలు ప్రమాదం "రిజిస్ట్రేషన్ అవుతుంది" అన్న మాటలో ఉంది. అలాంటి దస్తావేజు ఒకటి చదివాను. 40 చదరపు గజాల వాటా అని ఉంది. హద్దుల దగ్గర చూస్తే మొత్తం ఐదెకరాల హద్దులే ఉన్నాయి. ఆ 40 గజాలు ఎక్కడున్నాయో ఎవరూ చూపించలేరు. ఐదెకరాలంటే 24,200 గజాలు. అందరికీ అంతే వాటా అనుకుంటే 605 మంది యజమానులు. బిల్డరు చేతులెత్తేస్తే ఇంకొకరికి అప్పగించాలన్నా, స్థలం అమ్మేయాలన్నా వీళ్ళందరూ ఒక మాట మీదకు రావాలి. ఒకరు డాలస్‌లో ఉంటారు, ఒకరు పోయి వారసులు కోర్టులో ఉంటారు. మా అపార్టుమెంటులో లిఫ్టు మరమ్మతుకు 20 మంది ఒప్పుకోవడానికే ఏడు నెలలు పట్టింది.

రెరాలో నమోదైన ప్రాజెక్టయితే రిజిస్టరైన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉండాలి. ఇక్కడ మొదటి రోజే నూటికి నూరు చెల్లించాలి. ఆ సొమ్ముతో ఆయన ఇంకెక్కడో ఇంకో ఐదెకరాలు కొన్నా మనకు తెలియదు.

ఒకటి ఒప్పుకోవాలి. వట్టి రసీదు మీద లక్షలు కట్టినవాళ్ళ కంటే, ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రంలో, పేరున్నవాళ్ళు నయమే. మా వీధిలో ఒకాయన ఇలాగే కొని, మూడేళ్ళు ఆలస్యంగానైనా ఇంట్లో దిగారు. ఆయన్ను చూసి నేనూ ఒకసారి చెక్కుబుక్కు జేబులో పెట్టుకుని సైటుకు వెళ్ళాను. హోమ్ లోన్ కోసం బ్యాంకుకు వెళితే మంజూరైన ప్లాను అడిగారు, అది లేక వెనక్కి వచ్చాను. ఇందులో నా తెలివేమీ లేదు.

రెరా నంబరు అడగమని పొద్దున బాబాయికి చెప్పాను. అడిగారట. "నంబరు వచ్చాక ఈ రేటుకు రాదు సార్" అన్నాడట అవతలివాడు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజమే.