ఉప్పునీటి చేపకి ఉప్పు వెయ్యమన్నాడు

రాత్రి పదకొండు దాటింది. సాయంత్రం అక్వేరియం షాపు నుంచి వచ్చినప్పటి కోపం ఇంకా తగ్గలేదు. రాసేస్తే గానీ నిద్ర పట్టదు.

మా తొట్టిలో రెండు క్లౌన్ చేపలున్నాయని నన్ను చాన్నాళ్ళుగా చదువుతున్నవాళ్ళందరికీ తెలుసు. నారింజ ఒళ్ళు, మూడు తెల్ల పట్టీలు. పెద్దది ఆడది, రాణి. ఆరేళ్ళుగా మా ఇంట్లో ఉంది. ఆదివారం నుంచి తిండి ముట్టట్లేదు. రాతి వెనక మూలకి చేరి మొప్పలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. కంటి మీద సన్నటి పొర. ఒంటి మీద చూద్దామంటే ఒక్క మచ్చ లేదు, గాయం లేదు. నీళ్ళు రెండుసార్లు పరీక్షించాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఉప్పు సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చేప మాత్రం నా కళ్ళ ముందే నీరసించిపోతోంది. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు.

ఇవాళ వీడియో తీసుకుని షాపుకి వెళ్ళాను. మూడు వారాల క్రితం పిగ్మీ ఏంజెల్ అనే చిన్న సముద్రపు చేపని కొన్నది అక్కడే. ఓనరే ఉన్నాడు. వీడియో సగం కూడా చూడలేదు. "కాస్త కల్లుప్పు వెయ్యండి మేడమ్, అదే తగ్గిపోద్ది" అన్నాడు.

ఉప్పు! లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో బతికే చేపకి! మంచినీళ్ళ చేపకి ఉప్పు వేస్తారు, గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్ళకి తెలిసిన వైద్యమే. సముద్రపు చేపకీ అదే చెప్పాడంటే, తను అమ్మే ప్రాణి ఏ నీళ్ళలో బతుకుతుందో ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాదన్నానని బల్ల కింద నుంచి ఒక నీలం సీసా తీశాడు. మందు పేరు లేదు, ఎంత వెయ్యాలో లేదు. "ఇందులో రాగి ఉందా అండీ?" అని అడిగాను. "అన్నీ ఉంటాయి మేడమ్" అన్నాడు. రాగి పడితే నా క్లీనర్ రొయ్య, నత్తలు ఒక్కటి మిగలవు. ఆ రాగి రాళ్ళలోకీ ఇసుకలోకీ ఇంకిపోయి తరవాత కూడా వదలదు. ఉప్పునీటి తొట్టి పెట్టినవాళ్ళు మొట్టమొదట నేర్చుకునేది ఇదే. ఇరవై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నానని చెప్పుకునేవాడికి ఇది తెలియదా?

నేనక్కడ నిలబడి ఉండగానే కొత్త సరుకు వచ్చింది. కుర్రాడు సంచులు కోసి చేపల్ని నేరుగా అమ్మకం తొట్లలోకి వదిలేస్తున్నాడు. అక్కడి తొట్లన్నిటికీ ఒకటే ఫిల్టర్, ఒకటే నీళ్ళు. ఒక చేపకి జబ్బుంటే గంటల్లో అన్నిటికీ చేరుతుంది. నాకు ఏంజెల్‌ని అమ్మేటప్పుడు ఇదే మనిషి "మా దగ్గర నెల నుంచి ఉంది మేడమ్, గట్టి చేప" అన్నాడు. ఆ మాట నమ్మి నాలుగు రోజులే విడిగా ఉంచాను. నాలుగు వారాలు ఉంచాల్సింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నా. కానీ ఆ మాట అబద్ధమని ఇవాళ అర్థమైంది. అక్కడ నెల రోజులు ఏ చేపనీ ఉంచరు, ఈలోపే అమ్ముడవుతుంది లేదా చచ్చిపోతుంది.

ఆదివారం నుంచి ఎవరినీ అడగలేదనుకోకండి. మా పెదనాన్నగారి అబ్బాయికి భీమవరం దగ్గర వెనామీ చెరువులున్నాయి. వాడి ద్వారా ఒక రొయ్యల ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఫోనెత్తినాయన మొదటి ప్రశ్న, "ఎన్ని ఎకరాలండీ?" ఇంట్లో తొట్టి, 250 లీటర్లు అన్నాను. "చేప ఎన్ని టన్నులు?" అన్నాడు. ఒక్కటే అన్నాను. "బిజీగా ఉన్నామండీ" అని పెట్టేశాడు. 1994లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్య కుప్పకూలినప్పుడు కోస్తా ఎంత ఏడ్చిందో చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఆ దెబ్బ తరవాతే కదా వీధివీధికీ ల్యాబులు, పీసీఆర్ పరీక్షలు వచ్చాయి. చేపలోనూ రొయ్యలోనూ దేశంలో ముందున్న రాష్ట్రం మనది. ఇక్కడ ఒక్క చేప ఊపిరాడక కొట్టుకుంటుంటే చూసే దిక్కు లేదు. ఎకరాల్లో ఉంటేనే జబ్బా?

ఇంటికొచ్చి ఇక నేనే పూనుకున్నాను. ఉప్పు లేని ఆర్వో నీళ్ళు బకెట్లో పట్టి, తొట్టి వేడికి తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్ సరిచేసి, నీళ్ళలోకి గాలి బుడగలు వదిలే గాలి రాయి పెట్టి రాణిని అందులో వదిలాను. అయిదు నిమిషాలు. మొదటి నిమిషం తను పక్కకి ఒరిగిపోతే నా గుండె ఆగినంత పనైంది. మూడో నిమిషంలో బకెట్ అడుగున తెల్లగా ఏవో రాలడం మొదలైంది. నువ్వుగింజల్లా ఉన్నాయి. టార్చ్ వేసి చూస్తే కదులుతున్నాయి. పదిహేడు లెక్కపెట్టాను.

ఫ్లూక్స్. చేప ఒంటికీ కళ్ళకీ అంటుకుని చర్మాన్ని తినే చదును పురుగులు. చేప మీద ఉన్నప్పుడు గాజులా ఉంటాయి, ఎంత చూసినా కనపడవు. మంచినీళ్ళు తగిలితేనే తెల్లబడి రాలతాయి. నాలుగు రోజులుగా నేను గాజు అవతల నుంచి చూస్తున్నది వాటినే, కనిపించలేదంతే. ఆ ఏంజెల్ వచ్చినప్పటి నుంచి ఒళ్ళు రాతికేసి రుద్దుకునేది. దాని అలవాటేమో అనుకున్నాను.

మా వీధి కుక్కల్ని చూసే పశువుల డాక్టరు గారికి ఆ రాత్రివేళే ఫోన్ చేశాను. "చేపల సంగతి నాకు తెలీదమ్మా" అని నిజాయితీగా చెప్పి, మందు పేరు నేను చెప్తే ఓపిగ్గా విన్నారు. ప్రాజిక్వాంటెల్. కుక్కల మాత్రల్లో ఇంకో మందుతో కలిపి ఉంటుంది, అది వద్దు, విడి మందే రాస్తాను, పొద్దున్న రా అన్నారు. పురుగు గుడ్లు ఈ మందుకి చావవు, కాబట్టి తొట్టి మొత్తానికీ వేసి, కొన్ని రోజులాగి మళ్ళీ వెయ్యాలి. తెలీదు అని చెప్పడానికి ఆయనకి సిగ్గనిపించలేదు. ఆ షాపాయన నోట ఆ ఒక్క మాట వచ్చుంటే ఈ పోస్ట్ రాసేదాన్నే కాదు.

అసలు నా మంట ఇవాళ్టిది కాదు. మూడేళ్ళ క్రితం ఇదే షాపులో బ్లూ టాంగ్ కొన్నాను. బాగా తినేది, చురుగ్గా తిరిగేది, ఇరవయ్యో రోజు తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి పగడపు దిబ్బల మీద సయనైడ్ చిమ్మి మత్తెక్కించి చేపల్ని పట్టడం ఉంది, అలా పట్టినవి పైకి బాగానే కనిపించి వారాల తరవాత పోతాయి అని తరవాతెప్పుడో చదివాను. మాది ఎక్కడిదని అడిగితే "ఇంపోర్టెడ్" అన్నాడు. ఏ దేశం, ఎలా పట్టారు, చెప్పలేదు. చెప్పకపోగా, అంతమంది ముందు నాతో అన్న మాట ఇది: "మీకు చేపలు అచ్చిరావు మేడమ్."

అచ్చిరావట! ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చి మా అమ్మకి చెప్తే, అమ్మ కూడా "మానెయ్యవే తల్లీ, ప్రాణం ఉసురు మనకెందుకు" అంది. మూడేళ్ళు కొత్త చేప కొనలేదు నేను. నిజంగా నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను.

"చేపే కదా" అని కింద రాయబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా, నేనూ పులుసు తింటాను. ఫిషింగ్ హార్బర్‌లో వంజరం అమ్మే అప్పమ్మ "ఇది నిన్నటిదమ్మా, ఒద్దు, అది అట్టుకెళ్ళు" అని నాకు చేపని చేతికిచ్చి చూపిస్తుంది. చచ్చిన చేపకి ఆవిడ చెప్పే నిజంలో సగమైనా బతికున్న చేపకి వీళ్ళు చెప్పరు. ఆ షాపులోనే "పగడాలు లోపల ఉన్నాయి మేడమ్, కావాలా" అని గొంతు తగ్గించి అడుగుతారు. 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద వాటిని అమ్మడం నేరం. అది బాగా తెలుసు కాబట్టే గొంతు తగ్గుతుంది. చేప జబ్బు గురించి మాత్రం ఏమీ తెలీదు.

తమిళనాడులోని మండపం ఊళ్ళో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపల్ని గుడ్డు నుంచి పెంచి చూపించారు. అలా పెంచినవి అమ్మొచ్చు కదా అని ఆ షాపాయన్ని అడిగాను ఒకసారి. "అవి ఎవరు తెస్తారండీ" అన్నాడు.

రాణి ఇప్పుడు నీలం టబ్బులో ఉంది. ఊపిరి కాస్త నెమ్మదించింది. తిండి ఇంకా ముట్టలేదు. పెద్ద తొట్టిలో ఆ చిన్న మగది రాణి పడుకునే మూలకి చేరి అక్కడే ఉంది.

బకెట్లో రాలినవన్నీ ఒక చిన్న మందు సీసాలో పోసి మూత పెట్టాను. తేదీ రాశాను. పొద్దున్న డాక్టరు గారి దగ్గర చీటీ రాయించుకుని, షాపు తీసే వేళకి ఆ సీసా పట్టుకుని వెళ్తున్నాను. దాన్ని బల్ల మీద పెట్టి, అంతమంది ముందే అడుగుతాను, అచ్చిరానిది ఎవరి చెయ్యి అని.