మాల్ పోయిన చోట మట్టి ఎంత లోతు?

నగరం నడిబొడ్డున ఒక మాల్ మూతపడగానే, ఎక్కడైనా సరే, దాదాపు ఒకే రకం ఊహాచిత్రం విడుదలవుతోంది. అలలా ఒంపులు తిరిగిన భవనం, అంతస్తు అంతస్తుకీ చెట్లు, కింద పచ్చికలో పిల్లలు. ఆ చెట్ల వేళ్లు ఎటు పోతాయో మాత్రం ఎవరూ గీయరు.

లెక్క కష్టమైనదేమీ కాదు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు టన్నున్నర పైనే తూగుతుంది. మామూలు కార్ల పార్కింగ్ శ్లాబును చదరపు మీటరుకు సుమారు 250 కిలోల బరువు మోసేలా కడతారు. పాత మాల్ సెల్లారును అలాగే ఉంచి, పైన మీటరు లోతు మట్టి పోసి నీడనిచ్చే చెట్లు పెంచాలంటే కింది నిర్మాణాన్ని బలపరచక తప్పదు. ఆ ఖర్చుకు వెనకాడితే మిగిలేది పచ్చిక, పూలకుండీలు. వేసవి మధ్యాహ్నం వాటి దగ్గర ఎవరు కూర్చుంటారు?

తైవాన్‌లోని తైనాన్ నగరం ఈ చిక్కును మరోలా విప్పింది. 1983లో కట్టిన చైనాటౌన్ మాల్ కళ తప్పాక దాన్ని కూల్చి, భూగర్భ పార్కింగ్ పైకప్పు తీసేసి ఆకాశానికి తెరిచారు. డచ్ సంస్థ ఎంవీఆర్‌డీవీ రూపొందించిన ఆ చోటు 2020లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. నడుమ మోకాలి లోతైనా లేని కొలను, చుట్టూ మొక్కలు, అక్కడక్కడా నిలిపి ఉంచిన పాత కాంక్రీటు దూలాలు. ఋతువును బట్టి కొలనులో నీటి మట్టం మారుతుంది, ఎండలు ముదిరితే తుంపరలు చిమ్ముతారు. ఒంపుల భవనం ఒక్కటీ లేదు. ఊహాచిత్రాల్లోని చాలా భవనాల కంటే ఇదే ప్రకృతికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

ప్రకృతి నుంచి రూపాన్ని కాకుండా పనితీరును అరువు తెచ్చుకున్న భవనాలూ లేకపోలేదు. జింబాబ్వే రాజధాని హరారేలో వాస్తుశిల్పి మిక్ పియర్స్ రూపొందించిన ఈస్ట్‌గేట్ సెంటర్ 1996లో పూర్తయింది. దుకాణాలు, కార్యాలయాలు కలిసిన ఆ సముదాయం రాత్రి చల్లగాలితో కాంక్రీటును చల్లబరిచి, ఆ చలువను పగలు వాడుకుంటుంది. దానికి స్ఫూర్తి చెదపుట్ట. పుట్టలోపల గాలి ఆడే తీరు గురించి అప్పటి అవగాహన సరికాదని తర్వాత జీవశాస్త్రవేత్తలు తేల్చారు. భవనానికి మాత్రం ఆ సంగతి పట్టలేదు, చల్లగానే ఉంటోంది!

ఇక డబ్బు. ఇటలీలోని మిలాన్‌లో 2014లో పూర్తయిన బోస్కో వెర్టికాలే అనే జంట నివాస భవనాల బాల్కనీల్లోని చెట్లను కత్తిరించడానికి మనుషులు తాళ్లకు వేలాడుతూ దిగుతారు. సంపన్నులుండే భవనం కాబట్టి సాగుతోంది. ఇదే భారం పురపాలక సంస్థ నెత్తిన పడితే?

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌ను చూడండి. బ్రాడ్‌మార్ష్ మాల్ సగం కూల్చి ఉండగానే, 2020లో దాన్ని నిర్వహించే ఇంటు సంస్థ చేతులెత్తేసింది. అక్కడ పచ్చదనాన్ని పెంచాలని వన్యప్రాణి సంరక్షణ ట్రస్టు కోరింది. అస్థిపంజరంలా మిగిలిన భవనాన్ని నిలిపి కొత్త జీవం పోద్దామని 2021లో హెదర్‌విక్ స్టూడియో అనే డిజైన్ సంస్థ ప్రతిపాదించింది. 2023 నవంబరులో నగర పాలక మండలే తన బడ్జెట్ లెక్క కుదరడం లేదని ప్రకటించింది. 2024లో తెరుచుకున్నది ఆ స్థలంలో ఒక ముక్క మాత్రమే, గ్రీన్ హార్ట్ అనే చిన్న పార్కు. గొప్ప ప్రతిపాదన కాగితం మీదే ఉండగా చిన్న పార్కు పూర్తయిందంటే, ముందు దేనిమీద చేయి వేయాలో తెలుస్తూనే ఉంది.

నగర మధ్యంలో అంత ఖరీదైన నేలను ఆదాయం లేని పార్కుకు ఇస్తారా అన్నది న్యాయమైన అభ్యంతరమే. అమెరికాలోని కొలంబస్‌లో 1989లో తెరిచిన సిటీ సెంటర్ మాల్ 2009లో మూతపడింది. 2011కల్లా అక్కడ పార్కు వచ్చింది, ఆ తర్వాత దాని అంచున అపార్ట్‌మెంట్లు లేచాయి. పార్కు ముందు, కట్టడాలు తర్వాత. ఈ వరుస తిరగబడితే పచ్చదనానికి దక్కేది భవనాల మధ్య మిగిలిన సందులే. పార్కు పక్కన అద్దెలు పెరిగి పాతవారు ఖాళీ చేయాల్సి రావడం మరో తలనొప్పి, దానికి అద్దెల విధానమే జవాబు చెప్పాలి, చెట్లు కాదు.

అందుకే ఊహాచిత్రం ముందు పెట్టినప్పుడు పాలక మండలి సభ్యులు రెండు కాగితాలు అడిగితే చాలు. ఒకటి, చెట్టు కింద మట్టి లోతు మీటర్లలో రాసి ఉన్న నిలువుకోత పటం. రెండోది, పదో ఏట ఆ చెట్లకు నీళ్లు ఎవరి పద్దు నుంచి వస్తాయో చెప్పే ఒప్పందం.