స్టిక్కర్ ముగ్గుకు ఉగాది మర్నాటి ఉత్తరం

హైదరాబాద్,
పరాభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ విదియ.

చి.ల.సౌ. స్టిక్కర్ ముగ్గుకు, ఈ గడప గల ఇల్లాలు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగనక్కర్లేదు. నిన్ను చిరంజీవి అనడం మర్యాదకు కాదు, ఉన్నమాటే. మొన్న దీపావళికి మా ఆయన నిన్ను 120 రూపాయలకు తెచ్చి, వెనక కాగితం ఒలిచి గుమ్మం ముందు అంటించారు. ఆ పూట నుంచి నువ్వు చెరగలేదు, మాయలేదు. సంక్రాంతికి గొబ్బెమ్మ పెట్టుకుందామంటే చోటివ్వలేదు. హోలీ వెళ్లిపోయింది. నిన్న ఉగాదినాడు కూడా నీ ఒంటి మీద ఎనిమిది ప్రమిదలు వెలుగుతూనే ఉన్నాయి, కింద ‘హ్యాపీ దివాళీ’తో సహా. గుమ్మానికి మామిడాకులు, గుమ్మం ముందు నువ్వు. పచ్చడికి వచ్చిన పక్కింటి పెద్దాయన కాసేపు నిన్నూ, కాసేపు తోరణాన్నీ చూసి, ఏ పండగ శుభాకాంక్షలు చెప్పాలో తేలక, ‘బాగున్నారామ్మా’ అని సరిపెట్టుకున్నారు.

నీ మీద పంతంతోనే నిన్న తెల్లవారుజామున నీ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. సందు చుక్క, అంటే పై వరుస చుక్కల సందుల్లో కింది వరుస చుక్కలు, 15 నుంచి 8 వరకు. పైకి ఏడు వరుసలు, కిందికి ఏడు వరుసలు, నడుమ ఒకటి. మొత్తం 169 చుక్కలు. కళ్లాపి చల్లిన మట్టివాకిలి పిండిని పట్టుకుంటుంది. ఈ నున్నటి టైల్స్ పట్టుకోవు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక వరుస చుక్కలు వలస పోయేవి. హోలీకి మిగిలిన గులాల్‌లో రాళ్ల ఉప్పు దంచి కలిపాను, ఎగిరిపోకుండా. అంతా అయ్యాక చూస్తే ఆరు తామరల్లో ఒకటి తాబేలులా ఉంది. భీమవరంలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. కళ్లజోడైనా పెట్టుకోలేదు.

“పైనుంచి నాలుగో వరుసలో ఒక చుక్క ఎగ్గొట్టావే,” అంది.

నువ్వు యంత్రంలో పుట్టానని మురిసిపోతావని చెబుతున్నా, విను. ఈ లెక్క నీ కంపెనీ కంప్యూటర్‌ది కాదు. 1974లోనే మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి అనే పరిశోధకుల బృందం తమిళుల కోలాలను, అంటే వాళ్ల ముగ్గులను చూసి, వాటిని కంప్యూటర్‌కు చెప్పగలిగే వ్యాకరణంగా రాసింది. అంటే వాకిట్లో చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర పాఠం నేర్చుకున్నది కంప్యూటరే. మా అమ్మకి ఈ సంగతి చెబితే, “వాళ్లకెవరికీ నడుంనొప్పి రాలేదా?” అంది.

ఇక్కడే నా వాదన కాస్త దెబ్బతింటోంది. దీపావళికి వచ్చినప్పుడు అమ్మ నిన్ను అరచేత్తో నిమిరింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. “బంగారంలాంటి పిల్ల. దీన్ని ముప్పై ఏళ్ల కిందటే కనిపెట్టుంటే నా మోకాళ్లు మిగిలేవి,” అంది. మట్టివాసన, మంచుతెరలు అంటూ నేను పెంచుకున్న జ్ఞాపకాలన్నీ ఆ వాకిట్లో నిలబడి చూసినవాళ్లవే. వంగినావిడ తీర్పు నీ వైపే పడింది. ఇంట్లో మగవాళ్ల ఓటు సరేసరి. మా ఆయన నిన్న నా ముగ్గు దాటి వెళుతూ, నీ వైపు చూసి, “ముగ్గు అదిరింది” అన్నారు.

పంచాంగ శ్రవణం సాయంత్రం. ఏడాది పేరే పరాభవ కాబట్టి నాకు ఫలితం ఉదయం ఎనిమిదికే అందింది. వరండా తుడిచే అమ్మాయి బకెట్టుతో వచ్చి, “అక్కా, రంగు టైల్స్‌కి పట్టేస్తే సెక్రటరీ సార్ నన్నే అంటాడు” అని, నేను ‘ఆగు’ అనేలోపు రెండు తిప్పుల్లో తామరల్నీ తాబేలునీ కలిపి తీసుకుపోయింది. తప్పు ఆమెది కాదు. కానీ నీ దగ్గరికొచ్చేసరికి కర్ర పక్కన పెట్టి, వంగి, పొడిగుడ్డతో నీ ప్రమిదల్ని ఒక్కొక్కటే తుడిచింది చూడూ, అక్కడ నాకు కాలింది.

అమ్మకి మళ్లీ ఫోన్ చేశాను, ఓదారుస్తుందని. “తుడిచేసిందా? మరింకేం, రేపు నాలుగో వరుస సరిగ్గా పెట్టు,” అని పెట్టేసింది.

ఇవాళ చాకుతో నీ సంగతి తేలుద్దామని కూర్చున్నాను. ఒక మూల కొంచెం గీకితే రంగు లేచింది, జిగురు లేవలేదు. ఒంటికంటి ప్రమిదలా మిగిలావు. అందుకని అక్కడితో ఆపాను. వచ్చే ఏడాది ప్లవంగ, అంటే కోతి. అప్పటికీ నువ్వు దీపావళి చేసుకుంటూనే ఉంటావు కాబోలు, ఎవరు ఎవరిని ఆడిస్తారో చూద్దాం.

ఇట్లు,
169లో ఒకటి తక్కువ పెట్టిన మనిషి

తా.క.: నీ ఎడమ అంచు లేచింది. ఆ పాపం నాది కాదు. నిన్న బియ్యప్పిండి ముగ్గు వాసనకు చీమలొచ్చాయి. వాళ్లు వచ్చేసరికి ముగ్గు లేదు. ఖాళీగా వెళ్లడం ఎందుకని నీ కిందికి దూరినట్టున్నాయి.