కూన్ అలా అనలేదండీ

శాస్త్రంలో విప్లవాల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఏది నమ్మితే అదే నిజమని శాస్త్ర చరిత్రకారుడు థామస్ కూన్ తేల్చేశాడని రాశారు. 1962లో ఆయన పుస్తకం ‘ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రెవల్యూషన్స్’ వచ్చాక విమర్శకులు ఆయన మీద వేసిన నింద అది. 1970 నాటి రెండో కూర్పులో చేర్చిన అనుబంధంలో ఆయనే దానికి జవాబిచ్చాడు. చిక్కుముళ్లు విప్పడంలో తర్వాతి సిద్ధాంతాలు ముందువాటికంటే మెరుగేనన్నాడు. ఆయన ఒప్పుకోనిది, మనం పరమసత్యానికి దగ్గరవుతున్నామన్న మాటని.

ఇంకొకటి. మా నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య పోయి వనామీ రొయ్య రావడాన్ని కూడా ‘పారడైమ్ షిఫ్ట్’ (శాస్త్రం ఆలోచించే చట్రమే మారిపోవడం) అనేశారు! తొంభైల నడుమ తెల్లమచ్చ జబ్బు గుంటలకు గుంటల్ని తుడిచిపెట్టింది, నిజమే. 2009 తర్వాత వనామీ వచ్చింది. కానీ ఇవాళా గుంటలో పిల్ల వదిలేముందు పీసీఆర్ టెస్టు (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయిస్తున్నది ఆ జబ్బు తెచ్చే వైరస్ కోసం కూడా కదా. రొయ్య మారింది, జబ్బు గురించిన శాస్త్రం మారలేదు. కూన్ లెక్కలో అది మామూలు శాస్త్రం, అంటే ఉన్న చట్రంలోనే చిక్కుముళ్లు విప్పుకుంటూ పోవడం.

విప్లవమంటే ఫ్లోజిస్టన్ కథ. మండేటప్పుడు వస్తువులోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందనుకునేవాళ్లు. మరి కాలిన లోహం బరువు పెరుగుతుందేం? గాలిలోంచి ఆక్సిజన్ వచ్చి కలుస్తుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోజియే చెప్పాక ప్రశ్నలే మారిపోయాయి.

రెండో భాగం రాస్తే 1965 లండన్ సదస్సు గురించి కూడా రాయండి. కూన్ వెనకేసుకొచ్చిన ఆ మామూలు శాస్త్రమే ప్రమాదమని తత్వవేత్త కార్ల్ పాపర్ వాదించింది అక్కడే.