ఆదివారం బఫేలో ఇల్లాలి వంతు

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళలో పెద్ద హోటళ్ళ ఆదివారం బఫే కుటుంబాలకు అలవాటవుతున్నకొద్దీ దాని మీద పెదవి విరుపులూ ఎక్కువవుతున్నాయి. టిఫినుకూ భోజనానికీ నడుమ తీరుబడిగా మొదలై మూడింటి దాకా సాగే ఆ విందు గోదావరి మర్యాదకు తగినది కాదనీ, అరిటాకు వేసి కొసరి కొసరి వడ్డించే నేల మీద పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడడం చిన్నతనమనీ అనేవారు పెద్దల్లోనే కాదు, చదువుకున్న కుర్రాళ్ళలోనూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. డెల్టాలోని మధ్యతరగతి ఇళ్ళకు ఈ మధ్యకాలంలో అబ్బిన మంచి అలవాట్లలో ఇదొకటని నా గట్టి అభిప్రాయం. అందుకు కారణం హోటలు వంటల రుచి కాదు. ఆ ఒక్క పూట ఇంటి ఇల్లాలు అందరితో పాటు, ఒక్కోసారి అందరికంటే ముందే, వేడి వేడిగా తింటుంది.

ఉద్యోగికి సెలవైన ఆదివారమే మన వంటింటికి వారంలోకెల్లా బరువైన రోజు. గారెలూ నాటుకోడి పులుసూ కావాలంటే శనివారం రాత్రే మినప్పప్పు నానబోయాలి, తెల్లవారుతూనే రుబ్బాలి, మసాలా నూరాలి, చెప్పకుండా దిగే చుట్టాల కోసం రెండు డబ్బాల బియ్యం అదనంగా కడగాలి. పనసపొట్టు రోజుల్లోనైతే చేతులకు నూనె రాసుకుని, జిగురు అంటకుండా కాయను సన్నగా కొట్టడానికే గంట పడుతుంది. ఉడికించి, నీరు పిండి, పోపు వేసి, దించాక ఆవ కలిపే పని ఆ పైన. ఇంత చేసిన మనిషి, మగవాళ్ళూ పిల్లలూ చుట్టాలూ లేచాక, చల్లారిన గారెతో, అడుగంటిన పులుసుతో కూర్చుంటుంది. బంతి భోజనాల వైభవం గురించి మురిసిపోయేవారు ఆఖరి బంతిలో ఎవరు కూర్చునేవారో మాత్రం చెప్పరు.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందన్న వార్త దేశమంతా తిరిగింది. అటువంటి వార్తలు పండగ పండగకీ వస్తూనే ఉన్నాయి. అల్లుడి ముఖం చూశాం, బల్ల పొడవు చూశాం, రకాలు లెక్కపెట్టాం. దుకాణంలో కొన్నవి పోగా మిగిలినవాటిని ఎవరు, ఎన్ని రాత్రులు మేలుకుని చేశారన్న ప్రశ్న మాత్రం ఆ వార్తల్లో నాకు కనబడలేదు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు ఇవాళ రాష్ట్రంలో బడి భోజన పథకానికి పెట్టుకున్నాం. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే అన్నం పెట్టే స్త్రీకి దండం పెట్టడం నేర్చుకున్నంత చక్కగా, ఆమెకు అన్నం పెట్టడం మనం నేర్చుకోలేదు.

ఇటీవల రాజమహేంద్రవరంలో ఒక హోటలు బఫేలో, పెసరట్టు పోసే చోట, అరవై దాటిన ఒకావిడ నిలబడి ఉన్నారు. వంటమనిషి పిండి పరిచి, "ఉల్లిపాయ వెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ వెంటనే చెప్పలేకపోయారు. పక్కకు తిరిగి భర్తను చూశారు, కొడుకును చూశారు; వాళ్ళు అప్పటికే బల్ల దగ్గర కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా, "అల్లం ఎక్కువ వెయ్యి బాబూ, జీలకర్ర కూడా. అంచులు ఎర్రగా కాలాలి, ఉప్మా వద్దు" అన్నారు. అట్టు పెనం మీంచి తీసి పళ్ళెంలో పెడితే, బల్ల దాకా వెళ్ళకుండా అక్కడే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. ఇంట్లో ఎవరికి ఉప్మా కావాలో, ఎవరికి ఉల్లిపాయ పడదో దశాబ్దాలుగా గుర్తుపెట్టుకుని వండే తరం ఆవిడది. ఆమెకు ఎలా కావాలో ఒకరు అడిగి, అలాగే చేసిపెట్టడం ఎంత అరుదో ఆ తడబాటు చూస్తే తెలిసింది. బఫేలోని సుఖం నాకు అక్కడే కనిపిస్తుంది. ఎవరికి ఏది మిగులుతుందో లెక్క చూసుకోకుండా, నచ్చింది నచ్చినంత, ముందు తీపి తినాలనిపిస్తే ముందే తీపి తినవచ్చు.

వృథా సంగతి ఎత్తేవారున్నారు, ఖర్చు సంగతి ఎత్తేవారున్నారు. రెండూ కొట్టిపారేయదగినవి కావు. నలుగురు వెళితే బిల్లు వేలల్లోనే వస్తుంది, పళ్ళెం నింపుకుని సగం వదిలేసేవారిని నేనూ చూస్తున్నాను. కానీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్ళలోదే. హోటళ్ళూ క్యాంటీన్ల వంటి వాటి వాటా 28 శాతం. మిగిలిన మంచి ఆహారాన్ని అవసరమైనవారికి అందించేందుకు మన దేశంలో 2019 నుంచి నిబంధనలు కూడా ఉన్నాయి. వాటిని హోటళ్ళ చేత పాటింపజేయాలి. ఇల్లాలిని తిరిగి పొయ్యి దగ్గరకు పంపడం వృథాకు పరిష్కారం కాదు.

అసలు లెక్క వేరే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019 సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అయిదేళ్ళ తర్వాత 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అంటే స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే పురుషులది తొమ్మిది నిమిషాలు తగ్గింది. భారం పంచుకున్నవాడెవడూ లేడు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు తీర్పుకు విడిగా తన అభిప్రాయం జోడించిన జస్టిస్ ఎన్.వి. రమణ, ఈ 2019 అంకెలనే ఎత్తిచూపి, గృహిణి పనికి ఆర్థిక విలువ కట్టి తీరాలన్నారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది. వీరి చాకిరీకి విలువ కట్టడానికి వీరు ప్రమాదంలో చనిపోయేదాకా ఆగవలసి రావడం నన్ను కలచివేస్తుంది. హోటలు వంటమనిషికి జీతముంది, వారానికో సెలవుంది, చేతిపనిని మెచ్చి బయటికొచ్చి పలకరించే అతిథి ఉన్నాడు. అదే పని ఇంట్లో చేసే మనిషికి ఈ మూడూ లేవు. ఆదివారం బఫే బిల్లు చూసి గుండెలు బాదుకునే పెద్దమనిషి ఆ బిల్లును ఇంకోలా చదవాలి. అందులో బియ్యం, చేప, నెయ్యి ధరలతో పాటు వండిన చేతుల కూలీ కూడా ఉంది. ఇంట్లో ఆ కూలీ తాను ఏనాడూ చెల్లించలేదు కాబట్టే హోటల్లో అది అతనికి దోపిడీలా కనిపిస్తోంది.

హోటళ్ళకూ ఒక మాట చెప్పాలి. ఏ నగరంలోనైనా దొరికే పాస్తా, మంచూరియా, రంగు పూసిన కేకులతో బల్లలు నింపి, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను ఒక మూల పెట్టడం తగదు. బోర్లించిన కుండ మీద, మంట సెగకు ఎదురుగా కూర్చుని ఆ రేకులు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వారిని పిలిపించి, తగిన కూలీ ఇచ్చి, అతిథుల ఎదుటే తీయించవచ్చు. దిబ్బరొట్టె, అంబాజీపేట పొట్టిక్కలు, రుతువును బట్టి పనసపొట్టు పెట్టవచ్చు. పులస జోలికి మాత్రం వెళ్ళకపోవడమే మంచిది. వరద నీటిలో ఎదురీది వచ్చే ఆ చేప బఫే ఆవిరి గిన్నెల్లో పెట్టి వడ్డించదగినది కాదు.

పెద్ద హోటలుకు వెళ్ళే స్తోమత అందరికీ లేదన్నది నిజం. అందుకే పాలకొల్లు, తణుకు, అమలాపురం వంటి పట్టణాల్లోని మామూలు భోజన హోటళ్ళు నెలకొక ఆదివారమైనా, పది పన్నెండు రకాలతో, తక్కువ ధరకు ఇలాంటి విందు మొదలుపెట్టాలి. అదీ కుదరని ఇళ్ళలో పొయ్యి మగవాడు వెలిగించాలి. వేలమంది పెళ్ళి భోజనాలకు గాడిపొయ్యిల దగ్గర నిలబడి వండి వార్చే మగ వంటవాళ్ళకు కొదవలేని ఈ ప్రాంతంలో, నలుగురికి ఆదివారం పూట అన్నం, చారు, ఒక కూర వండడం తనకు రాదని ఏ మగవాడైనా అంటే నేను నమ్మను.