పన్నెండు దుప్పట్ల లెక్క

మా మహిళా మండలి మీద కాకినాడలో కొన్ని మాటలు వినిపిస్తున్నాయి. "సేవ పేరుతో సరదాలు" అంటున్నారట. కోశాధికారిగా లెక్కలు చెప్పాల్సిన బాధ్యత నాకుంది కాబట్టి చెబుతున్నాను. ఇందులో దాచడానికేమీ లేదు. మిగిలితే కదా దాచడానికి!

వృద్ధాశ్రమానికి దుప్పట్లు ఇవ్వాలని డిసెంబరులో తీర్మానించాం. నిధుల కోసం సంక్రాంతికి ముందు ఆదివారం ముగ్గుల పోటీ, వంటల స్టాళ్లు, హౌసీ (ఒకరు అంకెలు పిలుస్తుంటే మిగతావాళ్లు టికెట్ మీద కొట్టేసుకునే ఆట) పెట్టాం. హౌసీ టికెట్లు వంద రూపాయల చొప్పున 200 అమ్మితే 20,000. పన్నెండు స్టాళ్ల అద్దె 12,000. మొత్తం 32,000.

ఇక ఖర్చులు. హాలుకి 8,000, మైకు సెట్టుకి 3,000, ఫ్లెక్సీలకి 2,500. ముఖ్య అతిథికి శాలువా, మెమెంటో కలిపి 2,200. హౌసీ బహుమతులకి 7,000, టీ టిఫిన్లకి 4,500, ఫొటోగ్రాఫరుకి 3,000. పోగా నికరంగా మిగిలింది 1,800. నూటయాభై రూపాయల దుప్పట్లు సరిగ్గా పన్నెండు వచ్చాయి. పైసా అటూ ఇటూ కాలేదు. మండలి ఆర్థిక క్రమశిక్షణకు ఇంతకన్నా రుజువేం కావాలి?

హౌసీని జూదం అన్నవాళ్లున్నారు. హౌసీ టికెట్ మీద 27 గళ్లుంటాయి. పదిహేనింటిలోనే అంకెలుంటాయి, పన్నెండు ఖాళీ. అన్ని ఖాళీలున్నా మనసు నింపుకుని ఆడే ఆటని జూదం అనడం ఏం న్యాయం? ముందుగా ఐదంకెలు కొట్టేసినవాళ్లకిచ్చే జల్దీ ఫైవ్ బహుమతి అధ్యక్షురాలిగారి ఆడపడుచుకి, అన్నీ కొట్టేసినవాళ్లకిచ్చే ఫుల్ హౌసీ అధ్యక్షురాలిగారి తోటికోడలికి రావడం కేవలం అదృష్టం. అంకెలు పిలిచింది అధ్యక్షురాలిగారే కాబట్టి పొరపాటుకి తావు లేదు.

వంటల స్టాళ్ల సంగతి వేరే చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సున్నుండలు చుట్టాను. పక్క స్టాల్లో సెక్రటరీగారు గోంగూర పచ్చడి పెట్టారు. మొహమాటానికి నేను ఆవిడ దగ్గర రెండొందల పచ్చడి కొన్నాను, ఆవిడ నా దగ్గర రెండొందల సున్నుండలు కొన్నారు. సాయంత్రానికి ఇద్దరి డబ్బులూ ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి. మినపప్పు, నెయ్యి ఖర్చు మాత్రం మా ఆయనది.

విరాళాలు కూడా అడిగాం. ఒకాయన 80జీ రసీదు ఉందా అన్నాడు. ఆ సెక్షన్ కింద నగదు విరాళం 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదని నాకూ తెలుసు. మా మండలికి ఆ ఇబ్బంది ఇంతవరకు రాలేదు. ఆయన ఒక్క హౌసీ టికెట్ కొని వెళ్లిపోయాడు.

వేదిక మీద ఫ్లెక్సీలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బొమ్మ పెద్దదిగా వేయించాం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన మహాతల్లి. 1923లో ఇదే కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, పద్నాలుగేళ్ల వలంటీరుగా ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. ఆమె స్ఫూర్తితో మేమూ గేటు దగ్గర జాయింట్ సెక్రటరీని నిలబెట్టాం. ముఖ్య అతిథి పదకొండు మందితో వచ్చారు. అందరికీ పన్నీరు చల్లి, ముందు వరసలో కూర్చోబెట్టి, టిఫిన్ పెట్టింది.

పంపిణీ కొంచెం ఆలస్యమైన మాట నిజం. ముఖ్య అతిథి డేటు దొరక్క చలికాలం దుప్పట్లు రోహిణి కార్తెలో ఇచ్చాం. ఆశ్రమం వాళ్లు పొద్దున్న పదింటి నుంచి కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మేం పన్నెండున్నరకి వెళ్లాం. ఇరవై మూడు మందిమి, అందరివీ ఒకే రంగు చీరలు. ఫొటోలో ఒక్కో దుప్పటిని ఇద్దరేసి పట్టుకున్నాం. పన్నెండోది నేనొక్కదాన్నే పట్టుకున్నాను, కోశాధికారిని కదా.

అక్కడే కొత్తగా చేరిన సభ్యురాలొకామె నా చెవిలో, "అక్కా, చీర పద్నాలుగు వందలు కదా. ఇరవై మూడు చీరలంటే 32,200. మనం వసూలు చేసిన మొత్తం కంటే ఎక్కువే. ఆ డబ్బేదో నేరుగా ఇచ్చేస్తే పోయేది కదా?" అంది. చిన్నపిల్ల, సంస్థాగత అనుభవం లేదు. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు.

దుప్పటి అందుకున్న ఒక ముసలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, చెంగుతో విసురుకుంటూ పైకి చూపించింది. "అమ్మా, ఈ ఫేను తిరగట్లేదమ్మా. దీన్నేవన్నా చూత్తారా?"

విషయాన్ని మండలి తీవ్రంగా పరిగణించింది. అయితే ఫ్యాను రిపేరుకి ఫొటోలో ఇరవై మూడు మంది ఎలా పట్టాలన్నది సాంకేతిక సమస్య. నిచ్చెన అద్దెకి తెద్దామని సెక్రటరీగారు ప్రతిపాదించారు. నిధుల కోసం ఆషాఢంలో మళ్లీ హౌసీ పెడుతున్నాం. ఈసారి చీర నెమలికంఠం రంగు.